దొరకు ఏకాంత పరీక్ష

ఒక భవనం నాగరికమైనదా కాదా అని తేల్చడానికి గోడల రంగు చూడనక్కర్లేదు, అందులో ఎన్ని ఉపసంఘాలు ఉన్నాయో చూస్తే చాలు. ఆ లెక్కన ఈ కథ జరిగిన భవనం లోకంలోని గొప్ప నాగరికతల సరసన నిలబడదగ్గది. చెప్పులు గుమ్మానికి ఎంత దూరంలో విడవాలో చెప్పడానికి ఒక ఉపసంఘం. ఆరేసిన బట్టల నీళ్లు కింది బాల్కనీలో పడితే ఆ నీళ్లు ఎవరివో తేల్చడానికి ఒక ఉపసంఘం. లిఫ్టులో ఎదురుపడ్డవాళ్లలో ముందు ఎవరు పలకరించాలో నిర్ణయించడానికి ఇంకొకటి. (లిఫ్టు బాగుచేయించడానికి కూడా ఒకటి ఉండేది. దాని సమావేశాలు పై అంతస్తులో పెట్టడంవల్ల ఎవరూ వెళ్లలేకపోయేవారు.)

వీటన్నిటికీ పెద్దన్న లాంటిది శబ్ద సామరస్య ఉపసంఘం. దాని అధ్యక్షుడూ భవనం కార్యదర్శీ ఒక్కరే. ఆయన తూనికలు కొలతల శాఖలో చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కొట్లవాళ్ల తక్కెళ్లు పట్టుకున్న చెయ్యి, ఇప్పుడు ఊరికే ఉండలేక ఇరుగుపొరుగు మీద పడింది.

ఆ భవనంలోనే కళ్లజోళ్ల దుకాణం నడిపే ఒకాయన కాపురం ఉండేవాడు. నెమ్మదైన మనిషి. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఎవరితోనూ గొడవ లేకుండా ఈ రోజు దాటించు స్వామీ అని అడిగి కొట్టుకు వెళ్లేవాడు. దేవుడు చాలాకాలం ఆ కోరిక తీర్చాడు. తర్వాత కళ్లజోళ్ల ఆయన బావమరిదికి బదిలీ అయింది.

కొత్త చోట ఇల్లు దొరికేదాకా అంటూ బావమరిది ఒక బీగిల్ కుక్కను తెచ్చి అక్క చేతిలో పెట్టి వెళ్లాడు. ఇల్లు దొరికింది. దానికి కర్టెన్లు కూడా కుట్టించారు. కుక్క మాట ఎత్తితే మాత్రం ఫోనులో "సిగ్నల్ సరిగ్గా లేదు బావా" అనేవాడు.

పొట్టి కాళ్లు, వేలాడే చెవులు, ఎవరో హడావుడిగా పంచిపెట్టినట్టు మూడు రంగులు. చూపు మాత్రం అనాథ పిల్లవాడిది. తిని మూతి తుడుచుకున్న మరుక్షణం కూడా, ఈ ఇంట్లో నాకింత ముద్ద పెట్టే దిక్కు లేదు అన్నట్టు చూసేది. పేరు పెట్టి పిలిస్తే వినపడదు, రెండు గదుల అవతల బిస్కెట్టు పొట్లం విప్పితే వినపడుతుంది. జీవితమంతా జనం చూపు పరీక్షించిన ఆయనకు ఈ వినికిడి ఏ రకమో అంతుపట్టలేదు. బావమరిది దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టాడు. ఎవరి మాటా చెవిన పెట్టకుండా, తోచినప్పుడు తోచిన చోట పడుకుని, లేవమంటే మనల్నే పక్కకు జరగమన్నట్టు చూసే ఆ జీవాన్ని ఇంట్లో దొర అనడం అలవాటైంది.

దొర ప్రాణమంతా ముక్కులో ఉండేది. వీధిలోకి తీసుకెళ్తే ముక్కు నేలకు ఆనించి, నిన్న ఆ దారిన ఎవరెవరు ఏమేం తింటూ పోయారో చదువుకుంటూ నడిచేది. మధ్యలో గొలుసు లాగితే, చదువుతున్న పేపరు చేతిలోంచి లాక్కున్నట్టు మొహం పెట్టేది. ఫ్రిజ్ తలుపు తెరవడం తనంతట తానే నేర్చుకుంది. మూయడం ఎవరూ నేర్పలేకపోయారు. వెన్నముద్దను కాగితంతో సహా తిన్నది. సబ్బు సగం తిని, మిగతా సగం నచ్చలేదన్నట్టు ఆయన చెప్పులో పెట్టింది. మాత్రను రొట్టెలో దాచి పెడితే రొట్టె తిని, మాత్రను శుభ్రంగా నాకి నేలమీద వదిలేది. పశువైద్యుడు దాన్ని బల్లమీద నిలబెట్టి, కాస్త తగ్గించాలండీ అన్నాడు. ఆయన ఆ మాట అంటూ ఉండగానే బల్లమీద ఉన్న ఆయన బన్ను తగ్గింది.

అయినా సాయంత్రం కొట్టు మూసి మెట్లెక్కి వచ్చేసరికి, తాళం తియ్యకముందే తలుపు వెనక తోక నేలకేసి కొడుతున్న చప్పుడు వినపడేది. ఇన్నేళ్ల జీవితంలో తను ఇంటికి వచ్చినందుకు అంత సంబరపడ్డవాళ్లు లేరు. (ఆయన భార్య క్లినిక్‌లో నర్సు. ఆవిడా సంతోషించేది. కానీ ఆ సంతోషం వెంటనే కూరలు తెచ్చారా అనే ప్రశ్నగా మారేది.)

చిక్కల్లా ఇద్దరూ పనికి వెళ్లాక వచ్చేది. తలుపు పడిందో లేదో దొర మెడ పైకెత్తి, కళ్లు అరమూసి ఊళ అందుకునేది. మొరిగే కుక్క ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకుంటుంది. ఇది అలా కాదు. కుందేలు వెంటపడి, కొండ అవతల ఉన్న వేటగాడికి వినపడేలా కూత పెట్టడానికి పుట్టిన జాతి. ఇక్కడ కొండా లేదు, వేటగాడూ లేడు. ఎదురింట్లో మాత్రం ఒకాయన ఉన్నాడు.

ఆయన ఇంట్లో కూర్చుని ఫోనులో బీమా అమ్మేవాడు. "మీ తర్వాత మీవాళ్ల గతి ఏమిటో ఆలోచించారా?" అని అడిగినప్పుడల్లా వెనకనుంచి ఈ ఏడుపు వినపడేసరికి, కొందరు బెదిరి అక్కడికక్కడే పాలసీ తీసుకునేవారట. అయినా ఆయన ఫిర్యాదు చేశాడు.

ఫిర్యాదు నోటితో చెప్పడం ఆ భవనంలో నిషేధం. యాప్‌లోనే చెప్పాలి. యాప్‌లో కుళాయి, లిఫ్టు, దుర్వాసన అనే గడులే ఉండడంవల్ల బీమా ఆయన కుక్క ఊళను కుళాయి కింద నమోదు చేశాడు. ప్లంబరు వచ్చి వాషరు మార్చి, సమస్య తీరిందని నొక్కి వెళ్లిపోయాడు. ఊళ ఆగలేదు. ఫిర్యాదు మళ్లీ వెళ్లింది, ప్లంబరు మళ్లీ వచ్చాడు. బీమా ఆయన ఇంట్లో కుళాయిలు ఎన్నడూ లేనంత బాగా పనిచేయసాగాయి. చివరికి దుర్వాసన గడి నొక్కితే విషయం శబ్ద సామరస్య ఉపసంఘానికి చేరింది. (ఎందుకు చేరిందో యాప్ చేసినవాళ్లకూ తెలియదు.)

కార్యదర్శి కళ్లజోళ్ల ఆయన్ని పిలిపించి, దొరకు ఏకాంత ప్రవర్తన పరీక్ష జరుగుతుందని చెప్పాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు జంతువు ఎలా ఉంటుందో ఉపసంఘం స్వయంగా చూస్తుంది. నెగ్గితే ధ్రువపత్రం. తప్పితే నెలాఖరులోగా జంతువు భవనం వదలాలి.

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే భార్య దొర చెవులు నిమురుతూ కూర్చుంది. దొర తల ఆవిడ ఒళ్లోనే ఉంది.

"తప్పితే ఏం చేద్దామండీ?" అంది.

"మీ తమ్ముడి దగ్గరికి పంపుదాం."

"వాడికి సిగ్నల్ ఉండదుగా."

ఆ మర్నాడు ప్రార్థనలో ఆయనకు ఒక సందేహం వచ్చింది. కుక్క నోరు మూయించమని దేవుణ్ణి అడగవచ్చా? ఆ నోరు ఇచ్చింది ఆయనే. అడిగితే ఇచ్చినదానికి వంక పెట్టినట్టు కాదా? ఆలోచించి ఆలోచించి, నోటి సంగతి ఎత్తకుండా, దొరను ఈ ఇంట్లోనే ఉండనివ్వు స్వామీ అని మాత్రం అడిగాడు. ఆ మాటలు ఇంకాస్త చూసుకుని అడగవలసిందని ఆయనకు తర్వాత అనిపించింది.

పరీక్ష రోజున కార్యదర్శి, ఇద్దరు సభ్యులు శబ్దం కొలిచే పరికరంతో వచ్చారు. చెప్పులు నిర్ణీత దూరంలో విడిచి లోపలికి వెళ్లి సోఫాలో కూర్చున్నారు. ఇక మీరు బయటికి దయచేయండి అన్నాడు కార్యదర్శి. కళ్లజోళ్ల ఆయన గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, చిన్న మాట. మీరు లోపల ఉంటే అది ఒంటరిగా ఉన్నట్టు ఎలా అవుతుంది?"

కార్యదర్శి జాలిగా చూశాడు. "మేము పరిశీలకులమండీ. పరిశీలకులు మనుషుల లెక్కలోకి రారు."

"దానికి ఆ సంగతి తెలియాలి కద సార్."

"నియమాలు తెలియకపోవడం మినహాయింపు కాదు. కుక్కకైనా అంతే."

తలుపు మూసుకుంది. లోపల ఒక్క కూత లేదు. దొర వచ్చినవాళ్లందరి జేబులూ వాసన చూసి, కార్యదర్శి జేబులో బిస్కెట్లు కనిపెట్టి, అవి అయ్యాక ఆయన ఒళ్లో తల పెట్టుకుని గురక పెట్టింది. పరికరంలో నమోదయిన ఒకే ఒక్క శబ్దం అదే. రెండో సభ్యుడి గురక కూడా అందులో కలిసిందని తర్వాత తేలింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ జంతువు ఊళ వేయదని అక్కడికక్కడే ధ్రువపత్రం రాసిచ్చారు.

మర్నాడు ఇద్దరూ పనికి వెళ్లారు. దొర కొండ అవతలి వేటగాణ్ణి పిలిచింది. బీమా ఆయన దుర్వాసన గడి నొక్కాడు.

ఇప్పుడు ఉపసంఘం ముందు ఒక గడ్డు సమస్య నిలబడింది. కుక్క ఊళ వేస్తోంది, కానీ వేయదని ధ్రువపత్రం ఉంది. పత్రం తప్పనడానికి వీల్లేదు, దానిమీద కార్యదర్శి సంతకం ఉంది. అందుచేత తప్పు పరిస్థితుల్లో ఉందని తేల్చారు. పరీక్ష నాడు ఉన్న పరిస్థితులు మర్నాడు లేవు. ఆ రోజు సోఫాలో పరిశీలకులు ఉన్నారు, జేబులో బిస్కెట్లు ఉన్నాయి, యజమాని బయట ఉన్నాడు. (శాస్త్రం ప్రకారం చూస్తే వాదన గట్టిదే.) ఆ పరిస్థితులను నిలబెట్టి ఉంచడం భవనం బాధ్యత అని తీర్మానించి, పరిశీలకులకు వంతులు వేశారు.

మొదట్లో ఎవరూ ముందుకు రాలేదు. బీమా ఆయన మాత్రం, అక్కడయితే ప్రశాంతంగా ఉంటుంది కదా అని, ఫోను పట్టుకుని ఆ ఇంట్లోనే కూర్చోసాగాడు. ఆయన మాట్లాడుతుంటే దొర కాళ్లమీద పడుకునేది. ఆ వెచ్చదనం బాగుందని ఆయన ఎవరితోనో అన్నాడు. పై అంతస్తు కుట్టుపనివాడు వచ్చాడు. కోడలితో పడని పెద్దావిడ వచ్చింది. చదువుకోవడానికి చోటులేని కాలేజీ అమ్మాయి పుస్తకాలతో వచ్చింది. పక్కపక్క ఇళ్లలో ఏళ్లతరబడి ఉండి, లిఫ్టులో ఎవరు ముందు పలకరించాలో తెలియక పలకరించుకోనివాళ్లు, ఆ సోఫాలో దొరను మధ్యలో పెట్టుకుని పిచ్చాపాటీ మొదలుపెట్టారు. వంతుల కోసం సిఫారసులు నడిచాయి. నీ కంటే నాకే దగ్గరగా పడుకుంటుందని ఇద్దరు పెద్దమనుషులు మాటలు మానేశారు.

ఒకరోజు ఒంట్లో బాగాలేక కళ్లజోళ్ల ఆయన కొట్టు తొందరగా మూసి ఇంటికి వచ్చాడు. తలుపు తీసిన కుట్టుపనివాడు గడపలోనే ఆపేశాడు.

"ఇంకా పరీక్ష వేళేనండీ. యజమాని లోపల ఉండకూడదు. కార్యదర్శిగారు మరీమరీ చెప్పారు."

ఆయన మెట్లమీద కూర్చున్నాడు. కానీ దొర ముక్కు ఊరుకోలేదు. తలుపు సందులోంచి ఆయన వాసన పట్టి, మూలుగుతూ గోళ్లతో తలుపు గీరసాగింది. పరికరం ముల్లు కదిలింది. కార్యదర్శి పరుగున వచ్చి పరిస్థితి గ్రహించి, యజమానికి వాసన పరిధి నిర్ణయించక తప్పదన్నాడు. ఆయన్ని ముందు ఒక అంతస్తు దించారు. తర్వాత గేటు దాకా, ఆ తర్వాత రోడ్డు అవతలి బెంచీ దాకా. అక్కడికి వెళ్లాక లోపల మూలుగూ గీరడమూ ఆగాయి. గాలి భవనం వైపు వీచే రోజుల్లో మాత్రం బస్‌స్టాపు వెనక కూర్చోవాలని షరతు పెట్టారు.

జనం ఎక్కువ కావడంతో వంతులు సాయంత్రానికి, సాయంత్రం నుంచి భోజనాల వేళ దాకా సాగాయి. ఇక సెలవు రోజులు ఉన్నాయి. సెలవు నాడు కుక్క ఊళ వేయదని ఎవరు హామీ ఇస్తారు? ఎవరూ ఇవ్వలేదు కాబట్టి సెలవులు కూడా కలిపారు.

భార్య తెలివైనది. సంఘం కాగితాల్లో యజమాని గడిలో ఉన్నది భర్త పేరు ఒక్కటే అని కనిపెట్టి, పరిశీలకురాలిగా దరఖాస్తు పెట్టుకుంది. నర్సు అని చూసి వెంటనే ఇచ్చేశారు. మొదటి రోజు ఆయన బెంచీ దగ్గరికి అన్నం డబ్బా తెచ్చి ఇచ్చి, వెళ్లడానికి తొందరపడింది.

"కాసేపు కూర్చోవే."

"లేదండీ, డ్యూటీలో ఉన్నా. నేను లేకపోతే ఆ పెద్దావిడ దానికి బిస్కెట్లన్నీ పెట్టేస్తుంది." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "స్వెట్టరు తొడుక్కోండి. గాలి ఇంటివైపు నుంచే వస్తోంది కదా, బస్‌స్టాపు దాకా వెళ్లక్కర్లేదులే."

బెంచీమీద కూర్చుంటే తన ఇంటి కిటికీ కనపడేది. లోపల లైటు వెలిగేది, నవ్వులు వినపడేవి. ఒక్కోసారి కిటికీ అద్దానికి ఒక మూతి ఆని, ఇటూ అటూ వాసన వెతికి వెళ్లిపోయేది. ఆయన చెయ్యి ఊపబోయి, అది పరీక్షకు భంగమేమోనని దించేసేవాడు. దొరను ఆ ఇంట్లో ఉండనిమ్మని అడిగాడు, ఉంది. ఊళ ఆగాలని అందరూ అడిగారు, ఆగింది. ఇందులో దేవుణ్ణి అనడానికి ఏమీ లేదు. అయినా ఒక మాట మనిషితో చెప్పుకుంటే తప్పులేదనిపించి, చివరికి కార్యదర్శి దగ్గరికి వెళ్లాడు.

కార్యదర్శి మర్యాదగా కుర్చీ చూపించాడు. కళ్లజోళ్ల ఆయన కూర్చోలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"సార్, కుక్క ఒంటరిగా ఉండకూడదని అందరూ ఇంత చేశారు. బాగుంది. నేను కాదనను. కానీ ఇప్పుడు నేను ఒంటరిగా ఉంటున్నాను సార్. పొద్దున కొట్టు, సాయంత్రం బెంచీ. ఇంటికి వస్తే పలకరించేవాళ్లు లేరు. ఇంట్లోకే రాలేకపోతున్నాను."

కార్యదర్శి శ్రద్ధగా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఫోను తీసి యాప్ తెరిచి, కుళాయి గడి చూశాడు, లిఫ్టు గడి చూశాడు, దుర్వాసన గడి పైనుంచి కిందికి పూర్తిగా చూశాడు. తర్వాత లేచి వచ్చి ఆప్యాయంగా ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మీ గురించి ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదండీ. అందరూ మీలా ఉంటే అసలు ఉపసంఘమే అక్కర్లేదు."