బెళుగుప్పలో బార్నకల్ వర్గీకరణ

లోతు సముద్రపు జీవుల సంగ్రహాలయాన్ని ప్రభుత్వం వారు బెళుగుప్పలో నెలకొల్పారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సముద్రం ఇక్కడికి ఒక రాత్రి బస్సు ప్రయాణం. అయితేనేం, తేమ తగిలితే సీసాల మీది చీటీలు బూజు పడతాయట. తేమ అనేది మావాళ్లు ఎరగని వస్తువు కనుక ఇంతకు మించిన స్థలం దేశంలో దొరకలేదు.

నేను అక్కడ సూపరింటెండెంటును. మా దగ్గర నాలుగు వందల పన్నెండు సీసాలున్నాయి, ఒక్కోదానిలో ఒక బార్నకల్. రాయికి అతుక్కుని బతికే జీవి. చూపుకు గవ్వ, వంశానికి రొయ్య. అందుకే దాని జాతి తేల్చడం కష్టం. ఆ పనికి వచ్చిన కృపాకుమారి గారు మైక్రోస్కోపు కింద పెంకు పలకలు లెక్కపెట్టి, కాళ్ల మీది నూగు కొలిచి, తొమ్మిది నెలల్లో మూడు సీసాలకు పేర్లు పెట్టారు. నాలుగోదాని మీద "సందేహాస్పదం" అని రాశారు. ఇంత చదివి సందేహమేమిటని మా డైరెక్టరుగారికి కోపం.

ఆమె రోజూ గుమ్మఘట్ట నుంచి బస్సులో వచ్చేవారు. ఇంతలో ఉత్తర్వు వచ్చింది: ఉద్యోగులు నెలాఖరులోగా ఊళ్లో చిరునామా చూపవలెను, లేనిచో ఉద్యోగం రద్దు. కిరాణా కొట్టు చెన్నప్ప ఇంటికి టులెట్ బోర్డుంటే, తోడుగా నేనూ వెళ్లాను.

"ఇల్లు ఖాళీగానే ఉండాదిమ్మా. మీరేమిటోళ్లు?"

"సైంటిస్టునన్నా."

"అది గాదమ్మా. నాయన పేరేమి?"

"జాకబ్."

"అయ్యో! నిన్ననే ఎవురికో మాటిచ్చేసినాను గదమ్మా."

మైక్రోస్కోపు లేదు, పలకలు లెక్కపెట్టలేదు, గడప దాటలేదు. అర నిమిషంలో జాతి, ఉపజాతి తేలిపోయాయి. పక్కింటి గంగక్క అయితే నాయన పేరు కూడా అడగలేదు. మెడవైపు ఒకసారి, నుదుటివైపు ఒకసారి చూసి, "బోర్లో నీళ్లు లేవు తల్లీ" అంది. పెరట్లో మోటారు నీళ్లు పోస్తూనే ఉంది.

ఈ ప్రతిభ విని మురిసిపోయిన డైరెక్టరుగారు సభ పెట్టి ఇద్దరికీ శాలువాలు కప్పారు. "తొమ్మిది నెలలకు మూడా! వీరు నిమిషానికి రెండు తేలుస్తారు! ఇట్టి విజ్ఞానం పుస్తకాల్లో దొరకదు, ఉగ్గుపాలతో రావలసిందే" అని గద్గదులయ్యారు. చెన్నప్ప సీసాల గదంతా తిరిగి, "ఇవి యాడ పుట్టినాయి సార్? ఏమి తింటాయి?" అని రెండే ప్రశ్నలడిగి సాయంత్రానికి అన్నిటినీ తేల్చేశాడు. సందేహాస్పదం ఒక్కటీ మిగల్లేదు.

కృపాకుమారి గారు నవ్వేసి పదకొండో బీరువా వెనక మడతమంచం వేసుకున్నారు. "ఈడ నాలుగు వందల పన్నెండు మంది ఉండారు సార్. ఒక్కరూ మా నాయన పేరు అడగలేదు" అన్నారు నాతో.

మర్నాడే మెమో: "సంగ్రహాలయమున నమూనాలు మాత్రమే నివసింపవలెను." నెలాఖరు శనివారమే. ఆలోగా ఇల్లు దొరక్కపోతే ఆమె ఉద్యోగం పోయినట్టే. మెమో టైపు చేసి ఇచ్చింది నేనే. ఇస్తుంటే నిజంగానే బాధ వేసింది. మా మేడమీద వాటా ఆరు నెలలుగా ఖాళీ. నాకు అలాంటి పట్టింపులేమీ లేవు. మా ఆవిడే ఒప్పుకోదు.

మీ ఇంట్లో ఎవరు ఒప్పుకోరు?