పిప్పరమెంటు చదువు

పిల్లలు ఊరికే ఆడుకోవడమంత అనర్థం దేశానికి మరొకటి లేదు! పంచవర్ష ప్రణాళికలు వేసుకుంటున్న రోజుల్లో, ప్రైజు లేకుండా ఒక పిల్ల గిరగిరా తిరిగి నవ్విందంటే ఎంత శక్తి వృథా!

నమ్మరా? మా బోగోలు తీరంలో ఒక మిషన్ బడి ఉంది. రెండేళ్ల క్రితం విదేశీ పాలపొడి పెట్టెలతోపాటు ఆ బడికి మూడు జతల స్కేట్లు వచ్చాయి. అంటే చక్రాల బూట్లు. పక్కనే చేపలు ఎండబెట్టే సిమెంటు గచ్చు. ఇంకేం! చేపలు ఎత్తగానే పిల్లలంతా గచ్చు మీదే. ఒకరు బూట్లు తొడుక్కుంటే ఇద్దరు చేతులు పట్టుకునేవారు. ముగ్గురూ కలిసి పడేవారు. సముద్రం మీద చేపల వేటకు వెళ్లే పోలేరయ్య కూతురు నాగులమ్మ, పదేళ్ల పిల్ల, ఒంటికాలి మీద బొంగరంలా తిరగడం తనంతట తానే నేర్చేసుకుంది. సిలబస్ లేదు, పరీక్ష లేదు. సిగ్గుచేటు కాదూ?

అదృష్టవశాత్తూ డ్రిల్లు మాస్టారు సమాధానం గారు నెల్లూరులో పదిరోజులు ట్రెయినింగ్ అయి వచ్చారు. వినోదమూ బహుమతీ లేనిదే పిల్లలు నేర్చుకోరని అక్కడ చెప్పారట. వస్తూనే గోడకు చార్టు కొట్టారు. రోజూ అందరికన్నా బాగా తిరిగినవారికి చార్టులో పేరు, కాగితం నక్షత్రం, ఒక పిప్పరమెంటు.

మొదటిరోజు గెలుపు నాగులమ్మదే. ఆ అజ్ఞాని ఏం చేసిందనుకున్నారు? పిప్పరమెంటును పావడా అంచులో చుట్టి, కాకెంగిలి చేసి, చేయి పట్టుకున్నవాళ్లకూ వంతు కోసం నిలబడ్డవాళ్లకూ పంచేసింది! వాళ్ల పల్లెలో పడవ ఒడ్డుకు చేరితే అంతేనట. వల వేసినవాడికీ వాటా, ఒడ్డున తాడు పట్టినవాడికీ వాటా.

"ఏందమ్మే ఇది? పందెమా, చేపల పంపకమా? గెలిచినోళ్లే తినాల. నా కళ్ల ముందరే తినాల!" అన్నారు మాస్టారు.

ఎంత ముందుచూపు! నెల తిరిగేసరికి ఓడినవాళ్లు రావడం మానేశారు. గచ్చు మీద రద్దీ తగ్గింది. కిందపడి నవ్వేవాళ్ల గోల వదిలింది. చార్టు నిండా ఒకటే పేరు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి చూసి, ఫలితం నూటికి నూరు అని రాసిపోయారు. కాదా మరి? హాజరైన ఒక్కరూ పాసే కదా!

ఆ ఘనకార్యం చూద్దామని మొన్న నేనూ వెళ్లాను. "ఒకసారి తిరగమ్మా" అన్నాను.

"ఏమిస్తారయ్యా?" అంది నాగులమ్మ.

జేబులోంచి పిప్పరమెంటు తీసి చూపించాను. సరిగ్గా ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. నవ్వలేదు. రవ్వంత శక్తి కూడా వృథా కాలేదు!

పిప్పరమెంటు తీసుకుని, పాత అలవాటున పావడా అంచులో చుట్టి పంటితో కొరికింది. సగం ముక్క పట్టుకుని పక్కకు చేయి చాపింది. పక్కన ఎవరూ లేరు. కాసేపు చూసి, ఆ ముక్క కూడా తన నోట్లోనే వేసుకుంది.

మాస్టారూ, మీ చదువులో ఇంకా ఆ ఒక్క లోపం మిగిలింది. ఆ పిల్ల పక్కకు చేయి చాపకుండా ఉండటానికి కూడా ఒక ప్రైజు పెట్టండి!