రోజూ క్లాసుకొచ్చే మల్లిక మీద ఒక ఫిర్యాదు

కాలేజీలు బాగుపడాలంటే ముందు క్లాసుకొచ్చే విద్యార్థుల్ని ఆపాలి!

రానివాళ్లతో ఎవరికీ ఇబ్బంది లేదు. కరెంటు ఆదా. చాక్‌పీసు ఆదా. లెక్చరర్ల గొంతు ఆదా. మార్కులా, అవి రానే వస్తున్నాయి. మార్కులొచ్చేవాడు క్లాసుకు కూడా రావాలని పట్టుబట్టడం, కడుపు నిండినవాణ్ణి మళ్లీ పంక్తిలో కూర్చోబెట్టడం కాదా?

పెనుకొండ ప్రేమ్ కుమార్‌ని చూడండి. 2003లో ధర్మవరంలోని ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీ రెండో ఏడాది. మొదటి ఏడాది కాలేజీ ఫస్టు. అప్పటికి అతను కాలేజీ గేటు దాటింది అడ్మిషన్ రోజు, హాల్‌టికెట్ రోజు, పరీక్షల రోజులు, చివరికి ఫస్టొచ్చినందుకు శాలువా కప్పిన రోజు. శాలువా కప్పి ప్రిన్సిపాల్ మైకు అందించారు.

"ఈ కాలేజీ నీకు ఏమిచ్చిందో నలుగురికీ చెప్పు నాయనా."

ప్రేమ్ కుమార్ అబద్ధమాడే పిల్లవాడు కాదు.

"శాలువా సార్," అన్నాడు.

అతను చదివింది గైడు. గైడుకు రైలు తప్పిపోదు. గైడు సెలవు పెట్టదు. ఏది పరీక్షకొస్తుందో, ఏది రాదో ముందే చెబుతుంది. రానిది చదవనక్కర్లేదు. ఇంత సౌకర్యం ఏ లెక్చరరు ఇవ్వగలడు?

ఫస్టొచ్చినవాడు రాకపోతే సెకండొచ్చినవాడు మాత్రం ఎందుకొస్తాడు? వస్తే తెలివి తక్కువని నలుగురూ అనుకోరా? అతనూ మానేశాడు. మూడో స్థానంలోని అమ్మాయి మానేసింది. అత్తెసరు మార్కులవాళ్లు కూడా, మానేస్తే బాగా చదివేవాళ్లలో జమవుతామని మానేశారు. జనవరి వచ్చేసరికి కెమిస్ట్రీ క్లాసు మొత్తం మెరిట్ విద్యార్థులతో నిండిపోయింది. అంటే గదిలో ఎవరూ లేరు.

ఇందువల్ల సంజీవప్ప సారుకు మేలే జరిగింది. కెమిస్ట్రీ లెక్చరరు. హిందూపురంలో కాపురం. ప్యాసింజరు రైల్లో ధర్మవరం వస్తారు. గదిలో ఎవరూ లేకపోతే "విద్యార్థులు హాజరు కాలేదు" అని రిజిస్టర్లో రాసి తిరుగు రైలు పట్టుకోవచ్చు. భోజనానికి ఇంటికి చేరుకోవచ్చు. ప్రభుత్వం ఏర్పాటు చేయలేని సదుపాయాన్ని విద్యార్థులే కలిసి ఏర్పాటు చేశారు. దీన్ని చెడగొట్టడానికి ఎవరికైనా మనసొప్పుతుందా?

ఒకరికి ఒప్పింది.

పేరు మల్లిక. అదే క్లాసు. తాడిమర్రి దగ్గర పల్లె. ఇంట్లోవాళ్లు గొర్రెలు మేపుతారు. కెమిస్ట్రీలో నలభై మూడు మార్కులు. ఈ మార్కులతో, బత్తలపల్లిలో బస్సు మారి మరీ, రోజూ వచ్చి మొదటి బెంచీలో కూర్చునేది! రిజిస్టర్లో ఒక్క హాజరు పడితే సారుకు రైలు పోయినట్టే.

"ఏమ్మా, మళ్లా వచ్చినావా?"

"వచ్చినా సార్."

"ఫస్టొచ్చినోడే ఇంట్లో ఉండాడు. నీకెందుకు తల్లీ ఈ తిరుగుడు?"

"ఆయప్పకు గైడు సూస్తే అర్థమైతాది సార్. నాకు గాదు. దానికే వస్తాండా."

చూశారా ఎంత స్వార్థమో! తనకు అర్థం కాలేదని ఒక లెక్చరరు భోజనం చెడగొట్టడం న్యాయమా? అయినా సారు నీతి తప్పలేదు. ఒక్కరికే పాఠం చెబితే రానివాళ్లకు అన్యాయమని ఏమీ చెప్పలేదు. తర్వాతి రైలు దాకా ఆయన పేపరు చదివేవారు. ఆమె ఎదురుగా కూర్చునేది.

ఆమె అడిగేది ఒక్కటే. మార్చిలో ప్రాక్టికల్ పరీక్ష. బోరు నీళ్లలో సున్నం ఎంతుందో తేల్చే ప్రయోగం అందులో ఉంది. బ్యూరెట్టనే గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా మందు వదిలితే, కింద ఫ్లాస్కులోని ఎర్రనీళ్లు ఏదో ఒక చుక్కకు నీలమవుతాయి. అక్కడ ఆపాలి. దాటితే లెక్క తప్పు. ఆ చుక్కను ఎలా పట్టుకోవాలో ఒక్కసారి చూపించమని ఆమె కోరిక.

"గైడులో బొమ్మ ఉండాది కదమ్మా."

"నల్లగా అచ్చేసినారు సార్. ఏది ఎరుపో ఏది నీలమో యాడ తెలుస్తాది?"

ఫిబ్రవరిలో కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం వచ్చింది. కాలేజీలకూ మార్కులు వేస్తారు. ప్రిన్సిపాల్ అందరికీ కబురు పెట్టారు. అందరూ వచ్చారు! విలేకరిగా నేనూ వెళ్లాను. కెమిస్ట్రీ ల్యాబు ఎక్కడని ఇద్దరు కుర్రాళ్లు నన్ను అడిగారు. మీరు ఏ కాలేజీ అని అడిగాను. ఇదే కాలేజీ అన్నారు. ఇద్దరికీ ఫస్టు క్లాసు మార్కులట.

ల్యాబులో స్టూళ్లు చాల్లేదు. ఎవరూ రాని గదికి ఇన్నెందుకని అంతకుముందే సగం ఆఫీసులోకి మార్చారు. ఆఫీసులోవి తెద్దామంటే వాటి మీద బృందానికి భోజనాలు సర్దారు. ప్రిన్సిపాల్ తడుముకోలేదు.

"మార్కుల వరసన కూర్చోబెట్టండి. బృందం ఏదైనా అడిగితే జవాబు చెప్పేవాళ్లే లోపలుండాలి."

మొదటి స్టూలు ప్రేమ్ కుమార్‌ది. స్టూళ్లు నలభై మూడు మార్కుల దాకా రాలేదు. అటెండరు మారెప్ప మల్లికను వాకిలి దాటించాడు.

"ఈ పొద్దొకనాడు బయటుండు పాపా. నువ్వు రోజూ వచ్చేదానివేగా!"

ఆమె కిటికీ దగ్గర నిలబడింది. సంజీవప్ప సారు పాఠం మొదలుపెట్టారు. అదే ప్రయోగం. ఆ ఏడాది ఆ ల్యాబులో ఆయన చెప్పిన మొదటి పాఠం. బాగా చెప్పారు. చుక్క పడ్డాక ఫ్లాస్కును ఎలా తిప్పాలి, చూపు ఎక్కడ ఉండాలి, చెయ్యి ఎప్పుడు నెమ్మదించాలి, అన్నీ చెప్పారు. పాఠం చెప్పడం మర్చిపోయారని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

"సార్, రవ్వంత పక్కకు జరగండి. ఈడికి కనబడల్యా," అంది కిటికీ.

బృందానికి పెద్దాయన ఇటు తిరిగారు. "ఎవరా అమ్మాయి?"

"బయటి పిల్ల సార్," అన్నారు ప్రిన్సిపాల్. "మా క్లాసులంటే దారిన పోయేవాళ్లు కూడా ఆగి వింటారు."

పెద్దాయన మెచ్చుకుని రాసుకున్నారు.

సారు పక్కకు జరిగారు. చుక్క పడింది. ఇంకో చుక్క. అప్పుడే మారెప్ప వచ్చి భోజనాలు చల్లారిపోతున్నాయన్నాడు. బృందం లేచింది. మెరిట్ విద్యార్థులు లేచారు. సారు బ్యూరెట్టు కుళాయి కట్టేశారు. ఫ్లాస్కులో నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

మర్నాడు ఏ గ్రేడు రావచ్చో కనుక్కుందామని మళ్లీ వెళ్లాను. ల్యాబులో మెరిట్ విద్యార్థులు లేరు. సారూ మల్లికా ఉన్నారు.

"సార్, నిన్న నీలం కాకముందే ఆపేస్తిరి. మిగిలింది చూపించండి."

"అది బృందం కోసం పెట్టిన క్లాసమ్మా."

"వాళ్లు మళ్లా ఎప్పుడొస్తారు సార్?"

"అయిదేండ్లకు," అని సారు గోడ గడియారం వైపు చూశారు.

మార్చిలో పరీక్ష జరిగింది. ప్రేమ్ కుమార్ నీళ్లు ఏ రంగుకు తిరిగాయో నేను చూడలేదు. మార్కులు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. మల్లిక చెయ్యి ఆగాల్సిన చుక్క దగ్గర ఆగలేదు. ఫెయిలు.

ఇప్పుడు చెప్పండి, బాగా చదివేవాళ్లు క్లాసు ఎగ్గొడితే వచ్చిన నష్టమేమిటి? కాలేజీకి మంచి గ్రేడొచ్చింది. ప్రేమ్ కుమార్‌కు ఇంకో శాలువా వచ్చింది. సంజీవప్ప సారుకు రైలు అందుతోంది. ఆ కాలేజీలో నష్టపోయిన విద్యార్థి ఒక్కరుంటే చూపించండి!

మల్లిక పేరు చెప్పకండి. ఆమె బయటి పిల్ల. ప్రిన్సిపాలే చెప్పారు, బృందం రాసుకుంది.