పది జీబీల మంచు

విదేశయాత్రకు వెళ్లాలనుకునే పాఠకులకు నా మనవి ఒక్కటే. ముందు డేటా ప్లాన్ ఎంచుకోండి. పాస్‌పోర్టు, వీసా, స్వెట్టర్లు అన్నీ తరవాత. సరైన ప్లాన్ ఎంచుకోవడం పూర్తయ్యాక, ఇక ప్రయాణం చేయకపోయినా నష్టం లేదు!

నవ్వకండి. మూడు దేశాలు తిరిగొచ్చి చెబుతున్నాను. యాత్ర తొమ్మిది రోజులు. దానికి ప్లాన్ ఎంచుకోవడానికి రెండు నెలలు పట్టింది. చదువుకునే రోజుల్లో భూగోళం నాకు బొత్తిగా ఒంటబట్టలేదు. ఇప్పుడో? పక్కపక్కనే ఉన్న రెండు దేశాల్లో ఒకటి ప్లాన్‌లో ఉండి రెండోది ఎందుకు లేదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇంత జ్ఞానం ఏ యూనివర్సిటీ ఇస్తుంది?

పైగా కుటుంబ ఐక్యత! మూడేళ్లుగా మా గుమ్మం తొక్కని బావమరిది, నేను ప్లాన్ల వేటలో ఉన్నానని తెలియగానే పరిగెత్తుకొచ్చాడు. "బావా, రోమింగ్ జోలికి పోకు. దిగిన చోటల్లా లోకల్ సిమ్ కొనుక్కో" అన్నాడు. ఫ్యాను బాగుచేయడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీది నుంచే కల్పించుకున్నాడు. "ఈ-సిమ్ ఉండగా ఇంకా సిమ్మేంటి సార్, ఏ కాలంలో ఉన్నారు?" ఇద్దరూ వాదులాడుకుని, టీ తాగి, ప్రాణస్నేహితులై వెళ్లారు. ఫ్యాను ఇప్పటికీ తిరగదు.

భోజనాల బల్ల మీద చార్టు పరిచాను. పదకొండు కంపెనీలు, నలభై గళ్లు. 'అన్‌లిమిటెడ్' అన్న ప్రతి ప్లాన్ కిందా దాని లిమిట్ ఎంతో చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. ఎంత నిజాయితీ! ఆ చార్టు తీసేదాకా రెండు నెలలు మేం ఒళ్లో కంచం పెట్టుకుని తిన్నాం.

నా భార్య మాత్రం ఆ చార్టు వంక కన్నెత్తి చూడలేదు. "ఏమండీ, మంచు కురిసే చోట అక్కకి వీడియో కాల్ కలుస్తుందా? అది చెప్పండి చాలు" అంది.

వాళ్లక్క, అంటే మా వదిన, ఇరవై ఆరేళ్లు ఐస్ ఫ్యాక్టరీలో టెలిఫోన్ దగ్గర కూర్చుని రిటైరైన మనిషి. మాతోపాటు రావలసిందే. టికెట్లు కొనబోయే ముందు తుంటి ఎముక విరిగి మంచాన పడింది. "దిమ్మలుగా చూసీ చూసీ విసుగొచ్చిందే. పైనుంచి రాలుతుంటే ఒక్కసారి చూపించు" అని చెల్లెలి చేయి పట్టుకుని అడిగింది. చెల్లెలు మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టే భారం నా ఫోన్ మీద పడింది.

అందుకే పది జీబీలు, ఏడు రోజులు, మూడు దేశాల ప్లాన్ కొన్నాను. మంచుకొండ ఎక్కేది ఆరో రోజున. ఇంకో రోజు చేతిలో మిగులే!

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ కొత్త వస్తువు వచ్చినా ఒకసారి ఆన్ చేసి, పనిచేస్తోందని చూసుకుని, మళ్లీ పెట్టెలో పెట్టేస్తాం. టీవీ కొని ఆరేళ్లయినా రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఆ ప్రకారమే, బయలుదేరడానికి రెండు రోజుల ముందు సోఫాలో కూర్చుని ప్లాన్ ఆన్ చేశాను. 'యాక్టివేటెడ్' అని వచ్చింది. తృప్తిగా డేటా ఆఫ్ చేసి ఫోన్ జేబులో వేసుకున్నాను.

యాత్రలో ఆ డేటాను కంటికి రెప్పలా కాపాడాను. మొదటి దేశంలో దారి తప్పి ఒకే గడియార స్తంభం చుట్టూ మూడుసార్లు తిరిగాం. "మ్యాప్ చూడండి" అని నా భార్య మొత్తుకుంది. "మంచుకు దాస్తున్నాను" అన్నాను. రెండో దేశంలో మెనూ అర్థంకాక, వేలు ఎక్కడ ఆగితే అది తిన్నాం. ఏం తిన్నామో ఇప్పటికీ తెలియదు. ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాలేదు!

ఆరో రోజు కేబుల్ కారు కొండ మీద ఆగింది. తలుపు తెరుచుకునేసరికి మంచు కురుస్తోంది. నా భార్య రెండు చేతులూ చాచి నిలబడిపోయింది. నేను డేటా ఆన్ చేశాను. మెసేజ్ వచ్చింది: 'మీ ప్లాన్ గడువు నిన్నటితో ముగిసింది. మీరు వాడని డేటా పది జీబీ. పొడిగించుకోవడానికి ఇంటర్నెట్ ద్వారా మా యాప్ తెరవండి.'

ఆన్ చేసిన నిమిషం నుంచే గడువు మొదలవుతుందన్న షరతు నేను చదవకపోలేదు. కానీ నేను వాడలేదు కదా, చూశానంతే!

ఇంటర్నెట్ కొనడానికి ఇంటర్నెట్ కావాలి. ఎంత లోతైన వేదాంతం! అద్దాల గదిలో వైఫై పాస్‌వర్డ్ ఇచ్చే కౌంటర్ దగ్గర నిలబడ్డాను. నా ముందు పద్నాలుగు మంది, తలా ఒక దేశం. అందరి చేతుల్లో ఫోన్లు, అందరివీ ఒకే రకం బిక్కమొహాలు. ప్రపంచ దేశాలను ఏకం చేయడం ఇంకెవరి వల్ల అవుతుంది చెప్పండి?

గంటన్నరకు పాస్‌వర్డ్ చేతికొచ్చింది. బయటికొచ్చి చూస్తే మంచు ఆగిపోయింది. పనివాళ్లు దారి మీది మంచును పారలతో ఎత్తిపోస్తున్నారు. నా గుండె జారిపోయింది. ఈ ఒక్క ముక్క వేళాకోళం కాదు. వదినకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నా భార్య బెంచీ మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "అక్క చూసిందండీ! నలభై నిమిషాలు చూసింది."

"ఎలా?"

"అదిగో, చేతితొడుగులు అమ్ముకునే ఆవిడ. ఆవిడకి అక్క ఫోటో చూపించి, ఫోన్ చూపించి, చేత్తో ఆకాశం చూపించాను. తన ఫోన్లోంచి నెట్ ఇచ్చింది."

"ఏ ప్లానో అడిగావా?" అన్నాను.

ఆమె నా వంక చూసిన చూపు ఏ ప్లాన్‌లోనూ కవర్ కాదు.

తిరిగొచ్చాక అందరూ అడుగుతున్నారు, మంచు కురుస్తుంటే చూశావా అని. ఎందుకు చూడలేదు! వదిన మంచం పక్కన కుర్చీ వేసుకుని చూశాను. ఆ నలభై నిమిషాలూ ఆవిడ రికార్డు చేసి పెట్టుకుంది. కాలు కదపలేని మనిషి, మూడు దేశాలు తిరిగొచ్చిన నాకు, "ఇదిగో, ఇక్కడ బాగా పడుతుంది చూడండి" అంటూ ఓపిగ్గా చూపించింది.

ఒకచోట వీడియో ఆపింది. కురుస్తున్న మంచు వెనకాల అద్దాల గది. లోపల క్యూలో ఒక బట్టతల పెద్దమనిషి వంగి ఫోన్లోకి చూస్తున్నాడు. ఒంటి మీద వదిన అల్లిచ్చిన స్వెట్టరు.

"మొత్తం నాలుగుసార్లు చూశాను మరిదిగారూ," అంది వదిన. "పాపం, ఒక్కసారైనా తలెత్తుతాడేమోనని."