బానెట్ ఎత్తిన పాపానికి

ఆ ఆదివారం నార్మన్ ఓల్డ్‌రాయిడ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కారు తుడవాలి. భార్య ఎనిడ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఊదాపూల బీడుకొండల మీదుగా సముద్రం ఒడ్డునున్న విట్బీ వెళ్లాలి. దారిలో ఎప్పుడూ ఆగే మలుపు దగ్గర ఆగి ఇంత తినాలి. మధ్యాహ్నానికి ఫెన్విక్ అనే పళ్ల డాక్టరుకు కారు అప్పగించి బస్సులో ఇంటికి రావాలి. ఇందులో చివరిది తప్ప అన్నీ అతనికి ఇష్టమే.

ఆకుపచ్చ రంగు, రెండు సీట్లు, పైకప్పు బదులు మడిచే గుడ్డ. పెళ్లికి ముందు కొన్న కారు అది. ఆ రోజుల్లో పెద్ద కార్లన్నీ మిల్లు యజమానులవి. ఉన్ని మిల్లు గుమాస్తా జీతానికి అందే హుషారు అదొక్కటే. వాన వస్తే ఆ గుడ్డ కప్పు కింద కన్నా బయటే తక్కువ తడిసేవారు. ఎనిడ్ ఒక చేత్తో టోపీ, మరో చేత్తో తలుపు పట్టుకుని కూర్చునేది. టోపీ ఎగిరిపోతుందని భయం, తలుపు మీద నమ్మకం లేదు. అయినా దారి పొడవునా నవ్వుతూనే ఉండేది.

అమ్మేయమన్నదీ ఎనిడే. కారు నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. నార్మన్ మోకాళ్లకు డెబ్బై ఏడేళ్లు. పోయిన నెల దిగబోయి సగంలో ఇరుక్కుపోతే పొరుగింటివాళ్లిద్దరు వచ్చి, దుంప తవ్వినట్టు తవ్వి తీశారు.

"చాలయ్యా ఇక. నిన్ను ఎత్తుకునే వయసా నాది?" అంది ఎనిడ్.

నార్మన్ సరేనన్నాడు. మర్నాటి నుంచి టీ కూడా గ్యారేజీలోనే తాగడం మొదలుపెట్టాడు.

మలుపు దగ్గర కారు ఆపి, మూలుగుతూ దిగి, బానెట్ ఎత్తాడు. మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ కూరిన పేస్టీలను రేకు కాగితంలో చుట్టి తెచ్చాడు. వాటిని వేడి ఇంజను మీద పెట్టాడు. ఓవెన్‌లో వేడిచేస్తే ఆ రుచి రాదని అతని నమ్మకం. ఎనిడ్ కారులోనే కూర్చుని స్వెటర్ అల్లుకుంటోంది.

పాత కార్ల వాళ్లకు రెండు నియమాలున్నాయి. దారి పక్కన ఎత్తిన బానెట్ కనబడితే ఆగకుండా పోకూడదు. తన బండి చెడిందని చచ్చినా ఒప్పుకోకూడదు. ఈ రెండూ కలిసి నార్మన్ కొంప ముంచాయి.

ముందుగా ఆగినవాడు బారక్లఫ్. కుళాయిలు బాగుచేసే పని మానేసి నల్లటి పాత కారులో ఊళ్లు తిరుగుతున్న మనిషి.

"ఏమైందన్నా?"

"ఏం కాలేదండీ. ఊరికే ఆగాం."

బారక్లఫ్ జాలిగా తల ఊపాడు. "నేనూ అంతే. పోయిన వేసవిలో బండి పొగలు కక్కుతుంటే, పక్కన నిలబడి పూలు చూస్తున్నానన్నాను."

"నిజంగా ఏం లేదు. తిండి వేడి చేసుకుంటున్నాం."

"అబ్బ! ఈ సాకు కొత్తగా ఉందే," అంటూ అతను చొక్కా చేతులు మడిచాడు.

సాయానికి వచ్చిన మనిషిని పొమ్మనడం యార్క్‌షైర్‌లో నేరం కాదు గానీ, పొమ్మన్నాక ఆ చుట్టుపక్కల బతకడం కష్టం. "మీకెందుకండీ శ్రమ," అని మాత్రం అన్నాడు నార్మన్. అప్పటికే బారక్లఫ్ ఇంజనులోకి మోచేతుల దాకా దిగాడు.

తరువాత ఆగినవాడు జెరాల్డ్. టై కట్టుకున్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఇంజను వైపు పోకుండా ముందుగా సీటును నిమిరాడు.

"మా నాన్నకూ అచ్చం ఇలాంటిదే ఉండేది. అమ్మేశాడు. చివరికి మా అమ్మ పేరు కూడా మరిచిపోయాడు గానీ, దాని నంబరు మరిచిపోలేదు."

నార్మన్ చూపు నంబరు ప్లేటు మీదికి పోయింది.

అంతలో వాసన లేచింది.

"మాడుతోంది! వైర్లే!" అన్నాడు బారక్లఫ్.

"ఉల్లిపాయ వాసనలా ఉందే?" అన్నాడు జెరాల్డ్.

"పాత వైర్లు అలాగే వేస్తాయి."

"అవి నా పేస్టీలండీ!" అన్నాడు నార్మన్.

"నువ్వు అవతల కూర్చో అన్నా. సొంత బిడ్డ ఆపరేషన్ తండ్రి చూడకూడదు."

వైర్లు ఊడాయి. వాటికి అడ్డమున్నవి ఊడాయి. అడ్డం లేనివి కూడా, వచ్చాం కదా అని, ఊడాయి. ఆగే కార్లు పెరిగాయి. ఒక్కొక్కరిదీ ఒక్కో స్క్రూడ్రైవరు, ఒక్కో జ్ఞాపకం. ఒకాయన తన భార్యను పెళ్లికి ఒప్పించింది ఇలాంటి కారులోనేనన్నాడు. ఇంకొకాయన తనకు కారు మిగిలింది, పెళ్లి మిగల్లేదన్నాడు. వరుసగా నిలిచిన పాత కార్లను చూసి, ఇదేదో ప్రదర్శన అనుకుని విహారానికి వచ్చినవాళ్లు పిల్లలతో సహా దిగారు. వాళ్లను చూసి ఐస్‌క్రీమ్ బండి వచ్చింది.

జెరాల్డ్‌కు ఇంజను మీద మెరుస్తున్న రేకు పొట్లం కనబడింది. "ఇదేమిటి? ఈ మోడల్‌కు ఇలాంటిది ఉండదే. తరువాత ఎవరో తగిలించారు."

"కాదు, చివర్లో వచ్చిన బళ్లకు బిగించారు," అంటూ బారక్లఫ్ దాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచాడు. గోధుమరంగు రసం బొట్లుబొట్లుగా కారింది. "చూశావా, కారుతోంది! ఈ బళ్లలో కారనిదంటూ ఏముంది? అయితే అసలైనదే."

గడ్డి మీద దుప్పటి పరిచి కారు ముక్కలను పేర్చారు. వాటిని చూస్తుంటే నార్మన్ మనసులో ఒక పాపపు ఆలోచన మెల్లగా తల ఎత్తింది. ఈ ముక్కలను ఏ పళ్ల డాక్టరు కొంటాడు? అతను గొంతు సవరించుకున్నాడు.

"గేర్ల వైపు కూడా ఏదో చప్పుడు వస్తోందండీ," అన్నాడు నెమ్మదిగా.

ఎనిడ్ అల్లిక మీంచి తల ఎత్తి అతన్ని ఒకసారి చూసింది. మళ్లీ సూదులు ఆడించింది.

ఎంతకీ రాని కారును వెతుక్కుంటూ ఫెన్విక్ రానే వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. ఫొటోల్లో తప్ప ఆ కారును అతనెప్పుడూ చూడలేదు.

"చూస్తున్నారుగా డాక్టరుగారూ," అన్నాడు నార్మన్, తెచ్చిపెట్టుకున్న దిగులుతో. "మీరు వద్దన్నా నేనేమీ అనుకోను."

ఫెన్విక్ ముక్కలను చూశాడు. వాటి చుట్టూ వాదులాడుకుంటున్న మనుషులను చూశాడు. అతని కళ్లు చెమర్చాయి.

"రోజంతా నా ముందు అందరూ నోరు తెరుస్తారండీ. ఒక్కరూ మాట్లాడరు. మీ బండి ఆగితే ఇంతమంది వచ్చారు! నాకు కావలసింది ఇదే. బిగించెయ్యండి, ఇప్పుడే తీసుకుపోతాను."

తాను తవ్విన గోతిలో తానే పడ్డానని నార్మన్‌కు అర్థమైంది. అందరూ రెట్టించిన ఉత్సాహంతో బిగించారు. మిగిలిపోయిన బోల్టులను బారక్లఫ్ ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు.

ఎనిడ్ అవతలి సీటులో ఉండగానే ఫెన్విక్ కారులోకి దిగాడు. ముందు ఒక కాలు, తరువాత నడుం, ఆ తరువాత ఎంతోసేపటికి రెండో కాలు. మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి. స్టీరింగు వాటి మధ్య ఇరుక్కుంది. బ్రేకు మీదకు కాలు పోదు. పోనీ దిగుదామంటే బయటికీ రాదు.

"కొంచెం అలవాటు పడాలంతే," అన్నాడు నీరసంగా.

బారక్లఫ్ చంకలు పట్టుకున్నాడు, జెరాల్డ్ నడుం పట్టుకున్నాడు, మరో ఇద్దరు చెరో కాలు తీసుకున్నారు. లాగగా లాగగా ప్యాంటు మోకాలు చిరిగి, ఫెన్విక్ గడ్డి మీద పడ్డాడు.

ఎనిడ్ అల్లిక పక్కన పెట్టింది. "నీ వయసెంత బాబూ?"

"ముప్ఫై నాలుగండీ," అన్నాడు రొప్పుతూ.

"మా ఆయన్ను ఇద్దరే లాగారు." ఆమె నార్మన్ వైపు తిరిగింది. "అయితే తప్పు నీ మోకాళ్లది కాదయ్యా. కారుదే. దాని తప్పులంటావా, పెళ్లికి ముందు నుంచీ కాస్తూనే ఉన్నాం."

నార్మన్ కారు వైపు ఒక అడుగు వేశాడు.

"బేరం కుదిరిందని ఇంకా చేతులు కలపలేదుగా బాబూ?" అంది ఎనిడ్ ఫెన్విక్‌తో. "ఏమీ అనుకోకు. వచ్చే ఆదివారం భోజనానికి రా. మేం నోరు తెరిస్తే మూయం."

నార్మన్ తిట్టుకోకుండా, మూలగకుండా కారెక్కాడు. తాళం తిప్పాడు. పొద్దున పాడుకుంటూ వచ్చిన కారు ఇప్పుడు దగ్గనైనా దగ్గలేదు. ఏ రోగమూ లేని కారుకు ఇంతమంది వైద్యం చేశాక మరేమవుతుంది? అందరూ వెనక చేరి తోశారు. అందరికన్నా గట్టిగా తోసింది ఫెన్విక్. పల్లంలో కారు ఒక్కసారి ఉలిక్కిపడి లేచింది. ఎనిడ్ ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని నార్మన్ వెనక్కి చూడకుండా సముద్రం వైపు దూకించాడు.

ఫెన్విక్ రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. చేతుల నిండా గ్రీజు, నడుంలో నొప్పి, చిరిగిన ప్యాంటు, చెవుల దాకా నవ్వు. పాత కారు సొంతదారుడికి ఉండవలసినవన్నీ ఆ ఒక్క మధ్యాహ్నంలోనే అతనికి సమకూరాయి, కారు తప్ప.