శ్రవణికి దగ్గొచ్చింది

దేశంలోకెల్లా వేగంగా ఎదుగుతున్న టెక్నాలజీ కంపెనీ మన మార్కాపురంలోనే ఉందని జనసంతోష శాఖ మంత్రిగారు ప్రకటించగానే సభ చప్పట్లతో దద్దరిల్లింది. వేదిక వెనక, షామియానా గుడ్డ చాటున కూర్చున్న రోజీ కూడా చేతులెత్తింది గానీ, తన ముందు మైకు ఆన్‌లో ఉందని గుర్తొచ్చి దించేసింది. కృత్రిమ మేధ చప్పట్లు కొట్టకూడదు.

ఆ కృత్రిమ మేధ పేరు శ్రవణి. జనం ఫోన్ చేసి కష్టం చెప్పుకుంటే ఏ ఆఫీసరూ అక్కర్లేకుండా యంత్రమే విని జవాబు చెబుతుంది. దాన్ని కనిపెట్టిన ఆలకింపు టెక్నాలజీస్ ఒకప్పటి పలకల ఫ్యాక్టరీ షెడ్డులో వెలిసింది. గోడలకు పలకల దుమ్ము ఇంకా అంటుకునే ఉంది గానీ దాన్ని క్యాంపస్ అనాలి. అసలు యంత్రం వచ్చేదాకా రోజీ, ఇంకొందరు ఆడపిల్లలు ముక్కుతో మాట్లాడుతూ శ్రవణిగా పనిచేస్తున్నారు. యంత్రం ఎప్పుడొస్తుందని అడగడాన్ని అక్కడ నెగెటివిటీ అంటారు.

ఫోన్లు పెరిగితే కంపెనీ పెరిగినట్టు. రోజీ చేరిన కొత్తలో, పాపం తెలియక, ఒక ముసలాయన పింఛను సంగతి మండలాఫీసుతో మాట్లాడి తేల్చేసింది. సీఈఓ సాగర్ ఆమెను అద్దాల గదిలోకి పిలిచి, కోప్పడకుండా, ఎంతో ఆప్యాయంగా వివరించాడు.

"ఆయన రోజూ ఫోన్ చేసేవాడు కదమ్మా. ఇప్పుడు చేస్తాడా?"

"చేయడు సార్. పనైపోయింది గదా."

"అదే చెప్తున్నా. ఒక యూజర్‌ని పోగొట్టుకున్నాం."

అప్పటినుంచి రోజీ అందరికీ ఒకే జవాబు చెబుతోంది: "మీ సమస్య నమోదైంది. మీ ఓపికే మా బలం."

రోజూ పొద్దున్నే రోజీకి వచ్చే ఫోన్లలో ఒకటి హనుమంతునిపాడు అవతల ఒక పల్లె నుంచి. కాలనీలో బోరు ఎండిపోయింది, నీళ్ళ ట్యాంకరు రావడం మానేసింది. ఫోన్ చేసే రాహేలు రోజీకి కన్నతల్లి. కూతురు మార్కాపురంలో కంప్యూటర్ల పనిలో ఉందని మాత్రమే ఆమెకు తెలుసు. శ్రవణి రహస్యం ఇంట్లో కూడా చెప్పకూడదని కంపెనీ నియమం.

"నువ్వే నయం తల్లీ, ఫోనెత్తుతావు. మా రోజీ పగలు ఎత్తనే ఎత్తదు. బిందెలు మోసి మోసి నడుము పడిపోతాండాదని దానికి చెప్పుకుందామంటే..."

"మీ సమస్య నమోదైంది," అంది రోజీ ముక్కుతో. ఆ మధ్యాహ్నం ఆమెకు అన్నం సయించలేదు. కంపెనీ వెంటనే స్పందించి యోగా వీడియో పంపింది.

ఇక ఇవాళ్టి సభకు జనాన్ని తోలుకొచ్చే భారం పార్టీ కార్యకర్త మాలకొండయ్యది. పల్లెపల్లెకూ ట్రాక్టర్లు పంపాడు. శ్రవణితో మాట్లాడటానికి ఒక లబ్ధిదారురాలు కావాలని మంత్రిగారు అనేసరికి, ముందు వరుసలో బిర్యానీ పొట్లంతో కూర్చున్న ఒకామెను వేదిక ఎక్కించాడు.

"అక్కా, నాకే కష్టమూ లేదు, అంతా మంత్రిగారి దయ అను. ఇంకేం అనబాక."

"అంతేనా నాయనా? అట్లనే."

గుడ్డ వెనక రోజీ గబగబా సందులోంచి తొంగిచూసింది. అది అమ్మ గొంతు.

శ్రవణి అని పేరు రాసి, నీలం లైట్లు వెలుగుతున్న నిలువెత్తు పెట్టె ముందు నిలబడి రాహేలు చేతులు జోడించింది.

"వందనాలమ్మా."

"వందనాలు," అంది పెట్టె.

రోజీ చర్చికి పోయే ఇంట్లో పుట్టిన పిల్ల. ఎవరైనా వందనాలంటే తిరిగి చెప్పకుండా నోరు ఊరుకోదు. స్క్రిప్టులో ఉన్నది నమస్కారం మాత్రమే కనుక సాగర్ ముఖం పాలిపోయింది. మంత్రిగారు మాత్రం ముచ్చటపడ్డారు.

"మనిషిని బట్టి పలకరిస్తుందా!"

"కల్చర్ మాడ్యూల్ సార్. ఇవాళే లైవ్ చేశాం."

రాహేలుకు ధైర్యం వచ్చింది. రోజూ మాట్లాడే మనిషే కదా. "దగ్గు తగ్గిందా తల్లీ? మొన్న ఒకటే దగ్గుతాంటివి. మిరియాల కషాయం తాగమంటి, తాగినావా?"

"దగ్గడం కూడా నేర్పారా! భేష్!" అన్నారు మంత్రిగారు.

వెనక నుంచి మాలకొండయ్య మంత్రిగారి దయ, మంత్రిగారి దయ అని అందిస్తున్నాడు.

"ఆ, మంత్రిగారి దయ. నాకే కష్టమూ లేదు," అని రాహేలు బుద్ధిగా ఒప్పజెప్పింది. "ట్యాంకరొకటే రాలా. ఎప్పుడొస్తాదో ఒక్క మాట చెప్పు తల్లీ. గుట్ట కింద బావి నుంచి మోయలేకుండా ఉండా."

"మీ సమస్య..." అని రోజీ ఆగిపోయింది. గుడ్డ సందులోంచి, కానిమ్మని సాగర్ సైగ చేస్తున్నాడు. ఇంకో మాటంటే ఉద్యోగం ఉండదని ఆమెకు తెలుసు. అమ్మ నడుము సంగతీ తెలుసు.

"రేపు పొద్దున్నే మీ కాలనీకి ట్యాంకరొస్తుంది. మంత్రిగారు మాటిచ్చారు," అంది శ్రవణి, ముక్కుతో అనడం మరిచిపోయి.

"అచ్చం మా రోజీ గొంతే!" అంది రాహేలు.

"పర్సనలైజేషన్ సార్," అన్నాడు సాగర్ చెమట తుడుచుకుంటూ. "ఎవరి బిడ్డ గొంతు వాళ్ళకు వినిపిస్తుంది."

కెమెరాలన్నీ మంత్రిగారి వైపు తిరిగాయి. తాను మాటిచ్చిన సంగతి ఆయనకూ అప్పుడే తెలిసింది. పండిన నాయకుడు కనుక తడబడలేదు. "నా మనసులో ఉన్నది కూడా ఈ యంత్రం పసిగట్టింది!" అన్నారు. మళ్ళీ చప్పట్లు.

సాయంత్రం సాగర్ రోజీని అద్దాల గదిలోకి పిలిచాడు. "రేపు ఆ కాలనీ నుంచి ఫోన్లు ఆగిపోతే, ఎల్లుండి నుంచి నువ్వు రావద్దు."

"ఆగిపోనీండి సార్," అంది రోజీ.

మర్నాడు ట్యాంకరు నిజంగానే బయల్దేరింది. దాని నిండా పూలదండలు, ముందు మంత్రిగారి ఫ్లెక్సీ, పైన జెండా పట్టుకుని మాలకొండయ్య. షెడ్డులో టీవీ చూస్తూ రోజీ కళ్ళు తుడుచుకుంది. ఆ పొద్దున కాలనీ నుంచి ఫోన్ రాలేదు. ఉద్యోగం పోతున్నందుకు ఇంత సంతోషపడ్డ మనిషి ఆ కంపెనీ చరిత్రలో లేదు.

మధ్యాహ్నానికి ఫోన్ మోగింది.

"వందనాలు తల్లీ. మాట నిలబెట్టుకున్నావు. బండొచ్చింది. ఫోటోలు కూడా తీసుకున్నారు." రాహేలు గొంతు తగ్గించింది. "అందరం బిందెలు పెట్టుకొని కూచ్చోనుండాం. పైపు తిప్పితే గాలొస్తాంది. నీళ్ళు ఇంకో బండిలో వస్తాయా అమ్మా?"

అంతలో షెడ్డులో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. కాలనీ కాలనీ అంతా ఫోన్ చేస్తోంది. సాగర్ అద్దాల గదిలోంచి పరుగున వచ్చి గోడ మీది స్క్రీన్ చూశాడు. పచ్చగీత నిటారుగా పైకి లేస్తోంది.

"రోజీ! ఒక్క ఊరి నుంచి ఇంత గ్రోత్ ఎప్పుడూ చూడలేదు. ఇవాళ్టి నుంచి నువ్వే టీమ్ లీడ్!"

ఆడపిల్లలందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"మీ సమస్య..." అంది రోజీ. ఏడుపును దిగమింగబోతే అది దగ్గులా బయటికొచ్చింది.

"అయ్యో, మళ్ళీ దగ్గొచ్చినట్టుండాదే," అంది అవతల రాహేలు. "గొంతు ఎండబెట్టుకోబాక తల్లీ. లేసి కాసిని వేణ్ణీళ్ళు తాగు."