మూడో రోజు వీపు మీద చెయ్యి

హలో, వినపడుతోందాండీ? భోజనాలయ్యాయా? ఫోను రెండు నిమిషాలు చెవి దగ్గరే ఉంచండి, పక్క ఊరి సంగతొకటి చెప్పాలి.

అక్కడ పక్షవాతం వచ్చిన మనిషికి నడక అంచనా కార్యాలయం వాళ్ళు ‘నడవడు’ అని రాసిస్తే, ఆ తర్వాత అతను లేచి నిలబడ్డప్పుడల్లా ఎవరికీ కనపడడు. కూర్చుంటే మళ్ళీ కనపడతాడు. కరెంటు కోతలాగే ఇదీ ఆ ఊరికి అలవాటైపోయింది.

చిక్కాల నూకరాజు ముప్పై ఏళ్ళు బస్సులో నిలబడే బతికిన కండక్టరు. ఎడమ పక్క పడిపోయిన మూడో రోజు, గుమాస్తా ఫారం పట్టుకుని మంచం దగ్గరికొచ్చాడు. పరీక్ష ఒకటే. ఆసరా లేకుండా మంచం అంచున ముప్పై లెక్కపెట్టేదాకా కూర్చోవాలి. నూకరాజు బాగానే కూర్చున్నాడు. పద్దెనిమిది దగ్గర భార్య మంగతాయారు, ఒరిగిపోతాడేమోనని వీపు మీద చెయ్యి వేసింది.

“చెయ్యేశారు కదమ్మా,” అన్నాడు గుమాస్తా ఫారం మీద ‘నడవడు’ అని రాసుకుంటూ.

“ఊరికే ఆనించానండి బాబూ. ఇంకోసారి కూచోబెట్టండి.”

“మనిషికొక్క ఫారమేనండి. అవతల ఇంకా ఇరవై మందున్నారు.”

నాలుగు నెలలకి నూకరాజు గోడ పట్టుకుని నడిచాడు. మంచం నుంచి వంటింటికి పదిహేడు అడుగులు. అది మంగతాయారు కళ్ళారా చూడాలి, అంతే అతని కోరిక. కానీ అతను లేచినప్పుడల్లా ఆమె ఖాళీ చక్రాల కుర్చీ వైపే చూసేది.

“ఎటెళ్ళారండీ, కాఫీ చల్లారిపోతుంది.”

“గోడ పక్కనే ఉన్నానే.”

“మాటొస్తుంది, మనిషేరి?”

ఆ రాత మార్పించుకుందామని నూకరాజు కార్యాలయానికి వెళ్ళాడు. వరసలో నిలబడితే, అతను నిలబడ్డ చోటే ఇంకొకాయన వచ్చి నిలబడ్డాడు. చివరికి బల్ల మీద కూర్చుంటే గుమాస్తా తలెత్తాడు.

“నేను నడిచొచ్చానండి.”

“సంతోషమండి. చూసినోళ్ళిద్దరి సంతకాలు తెండి.”

“నిలబడితే కనపడను కదండీ.”

“మరదేనండి చిక్కు. సంతకాల కోసం తిరిగేవాళ్ళతో ఈ హాలు నిండిపోయింది.”

నూకరాజు చుట్టూ చూశాడు. హాలు ఖాళీగా ఉంది. ఎవరో అతని కాలు తొక్కి, సారీ అన్నారు.

ఇంటికొచ్చి, మంచం దగ్గర్నుంచి నడిచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అడుగుల చప్పుడుకి మంగతాయారు గరిటె దించి, గాలిలో తడుముకుంటూ వచ్చింది. ఆమె చెయ్యి అతని వీపు దొరికాక అక్కడే ఆగింది.

“నడిచే వచ్చారా?”

“పదిహేడడుగులు.”

ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు. “ఇంక కూచోండి. కనపడితేనే నాకు ధైర్యం.”

నూకరాజు ఆలోచించి, కుర్చీలో కూర్చున్నాడు.

“హమ్మయ్య, వచ్చేశారు,” అంటూ కాఫీ చేతికిచ్చింది.

ఇప్పుడతను, ఆమె బజారుకెళ్ళినప్పుడు మాత్రమే నడుస్తున్నాడు. గేటు చప్పుడైతే కూర్చుంటాడు.

మీ ఎరికలోనూ ఇలాంటి కుర్చీ ఒకటి ఉండే ఉంటుంది. ఆసుపత్రి వరండాల్లో మంచం పక్కన కూర్చున్న వాళ్ళెవరైనా తెలిస్తే, ఈ ముక్క వాళ్ళకి పంపించండి. ఉంటానండి.